వేరు కాపురం పెట్టిన బండి

సింగపూర్‌లో కారు కొనాలంటే ముందు కారు కొనే హక్కు కొనుక్కోవాలి. సీఓఈ అంటారు దాన్ని, పదేళ్ల పర్మిట్. నెలకు రెండుసార్లు వేలం. ఒక్కోసారి పర్మిట్ ధర బండి ధరనే మించిపోతుంది. అలాంటి ఊళ్లో ముప్పై రెండేళ్లు కార్ల మధ్యనే బతికి రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు యీషున్‌లో మా ఫ్లాట్‌కు వచ్చి, కాఫీ తాగి, "అంకుల్, సేల్స్‌లో పైకి రావడానికి ఏదైనా టిప్ చెప్పండి" అని అడుగుతుంటారు. టిప్పులు నా దగ్గర లేవు. ఒక బండి కథ ఉంది. అందులో నేను చేసిన ఒక తప్పుడు పని ఉంది. రెండూ కలిపే వినాలి. బండి కథ ఒక్కటే వింటే నేనేదో గొప్పవాణ్నని అనుకుంటారు.

నా పేరు అప్పలరాజు. మా తాత తెల్లవాళ్ల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి నేవల్ బేస్ పనికి వచ్చాడు. మాకు ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, వీధిలో మలయ్, వర్క్‌షాపులో హొక్కియన్ అనే చైనా యాసలో తిట్లు. ఇవన్నీ కలిసిన నా భాష విని హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. నవ్వుకుంటేనేం, బండి మాత్రం నా దగ్గరే కొనేవాళ్లు.

పెళ్లిచూపుల పిల్లాడు

నేను పనిచేసింది ఒక యూరప్ కార్ల కంపెనీకి ఇక్కడ డీలరు దగ్గర. పేరు చెప్పను. ఆ బళ్లు మంచివే. కానీ పెళ్లిచూపులకు బయల్దేరిన పిల్లాడిలా ఉండేవి: తల నున్నగా దువ్వుకుని, గుండీలు మెడ దాకా పెట్టుకుని. ఇంటిల్లిపాదికీ నచ్చేవి, ఒక్కరికి కూడా గుండె దడ పుట్టించేవి కావు. స్కూలు టీచర్లు, క్లినిక్ డాక్టర్లు కొనేవాళ్లు.

ఆ కంపెనీయే ఏడాదికి కొన్ని బళ్లను వేరేగా తయారుచేసేది. పైకి అదే డబ్బా. లోపల ఇంజను వేరు, బ్రేకులు వేరు, స్టీరింగ్ చేతికి తగిలే తీరే వేరు. గుర్తు పట్టడానికి డిక్కీ మీద వేలెడంత బ్యాడ్జి ఒకటి. దాన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఏడాదికి నలుగురో ఐదుగురో. వాళ్లను మేం పిచ్చోళ్లు అనేవాళ్లం. ఆ పిచ్చి నాకూ ఉందని ఎవరికీ చెప్పలేదు. నేను వర్క్‌షాపులో ఉన్న రోజుల్లో ఆ బళ్లు సర్వీసుకొస్తే, "టెస్ట్ డ్రైవ్ చేసి చూడాలి కదా" అని తాళాలు పట్టుకుని, లిమ్ చూ కాంగ్ వైపు తిన్నటి రోడ్డు మీదికి పోయేవాణ్ని. గేరు మార్చగానే వీపు సీటుకు అతుక్కునేది. ఒంటరిగా కూర్చుని పగలబడి నవ్వేవాణ్ని. చట్టం అనుమతించే స్పీడులోనే, ఆ మాట రాసుకోండి.

సేల్స్‌లోకి మారిన చాలా ఏళ్లకు ఒక కబురొచ్చింది. తల్లి కంపెనీ ఆ బ్యాడ్జితో వేరు కాపురం పెట్టిస్తోంది! ఇక డిక్కీ మీద వేలెడంత గుర్తు కాదు, దానికి సొంత పేరు, బానెట్ మీద సొంత ముద్ర, ఎవరికీ పోలిక లేని సొంత మోడళ్లు. మొదటి ఫొటోలు కంప్యూటర్‌లో చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అన్నేళ్లూ వెనక సీట్లో కూర్చోబెట్టిన పిల్ల ఇప్పుడు స్టీరింగ్ పట్టుకుంది!

టాన్ పెట్టిన గడువు

మా బాసు టాన్. తండ్రి పెట్టిన వ్యాపారాన్ని నలభై ఏళ్లుగా నడుపుతున్న చైనీయుడు. అరవడు, పొగడడు. ఐసు వేసిన కాఫీ చప్పరిస్తూ చెప్పేదంతా వింటాడు, చివర్లో ఒకే ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే మీటింగు అయిపోయినట్టే.

కొత్త బ్రాండును మనమే తెద్దామని అరగంట చెప్పాను. టాన్ అడిగాడు: "హూ బై, రాజు? నీలాంటి అంకుల్స్‌కు స్పీడంటే భయం. కుర్రాళ్లకు సీఓఈ అంటే భయం. ఎవరు కొంటారు?"

ఈసారి జవాబు నా దగ్గరుంది. కొవిడ్ తగ్గుముఖం పడుతున్న రోజులవి. ఐటీ కంపెనీలు మనుషుల కోసం ఎగబడుతున్నాయి. క్లెమెంటిలో, చోవా చూ కాంగ్‌లో ఎక్కడ చూసినా మన పిల్లలే. ఏడాదికో ఉద్యోగం మారుతున్నారు, మారినప్పుడల్లా జీతం గంతులేస్తోంది. "వాళ్లకు నాన్న నడిపే బండి అక్కర్లేదు బాస్. వాళ్ల మేనేజరు దగ్గర లేని బండి కావాలి" అన్నాను.

టాన్ గ్లాసులో ఐసు తిప్పాడు. "ఓకే. ఆర్నెల్లు. పాత షోరూంలోనే ఒక మూల ఇస్తాను. ఆర్నెల్లయ్యాక ఫ్యాక్టరీ వాళ్లొచ్చి చూస్తారు. వాళ్లు సరే అంటే దానికి సొంత షోరూం కడతాను. నడిపేది నువ్వు. కాదంటే ఆ బండీ నువ్వూ మళ్లీ వెనక్కే, కెన్?"

సరేనని నేనూ "కెన్" అన్నాను. అప్పటికి నాకు యాభై తొమ్మిది. ఒక షోరూం మొత్తాన్ని నా చేతుల మీద నిలబెట్టే అవకాశం మళ్లీ రాదు. అది కావాలని నాకెంత ఆశగా ఉందో ఇంట్లో మా ఆవిడకు కూడా పూర్తిగా చెప్పలేదు.

మొదటి ఓడలో వచ్చిన బండి షోరూంలోకి దిగిన రోజు చూడాలి! మెరుపు లేని బూడిద రంగు. నేలకు అతుక్కున్నట్టున్న ముందు భాగం. స్టార్ట్ చేయగానే అద్దాలు సన్నగా వణికాయి. నేల తుడిచే ఆంటీ మాప్ పక్కన పెట్టి ఫోన్ తీసింది. మా టెక్నీషియన్ రోస్నా వర్క్‌షాపు నుంచి పని మానుకుని వచ్చింది. ముప్పై ఏళ్ల మలయ్ పిల్ల, ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తుంది. బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, "వా, అంకుల్! షియోక్ లా!" అని గెంతింది. అంతకు మించిన మెచ్చుకోలు ఈ ఊళ్లో లేదు.

మొదటి శనివారం టెస్ట్ డ్రైవ్‌ల కోసం జనం మెట్ల దాకా నిలబడ్డారు. తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ ఆపుకున్నట్టు ఒకడు మా బండి సీట్లో తన బ్యాగు పెట్టి చోప్ చేశాడు! ఆ వారమంతా నేను నడవలేదు, పరిగెత్తాను.

రాగిరేకు

కొత్త బండికి పూజ లేకుండా మనవాళ్లు అడుగు కదపరు. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టొచ్చు. కొబ్బరికాయతోనే చిక్కు. ఒకాయన షోరూం నేల మీద కొట్టాడు, టైలు బీటలిచ్చింది. టాన్ కొబ్బరికాయను నిషేధించాడు. ఫ్లాట్ల కింద కార్ పార్కులో కొడితే టౌన్ కౌన్సిల్ ఊరుకోదు. కొనేవాళ్లు మొహాలు చిన్నబుచ్చుకున్నారు.

అప్పుడు నా బుర్రకొక ఉపాయం తట్టింది. సెరంగూన్ రోడ్డులో పూజాసామాన్ల కొట్టు నుంచి యంత్రం గీసిన రాగిరేకులు తెచ్చాను. బొటనవేలంత ఉండేవి. డెలివరీ రోజు పూజ చేసి, బండి ముందు భాగంలో ఒకటి అతికించేవాణ్ని. కింది గ్రిల్ మధ్యలో నున్నటి నల్ల ప్లాస్టిక్ పలక ఒకటి ఉంది. మనకోసమే చేసిపెట్టారా అన్నట్టుండేది. దాని మూలన అతికించేవాణ్ని. స్పోర్ట్స్ బండికి మెరిసే రేకు బాగోదని కుర్రాళ్లు గునిస్తే, పెయింట్ రూంలో నల్ల రంగు వేయించాను. దేవుడూ ఉన్నాడు, కనపడనూ కనపడడు.

ఇంకేముంది, వాట్సాప్ గ్రూపుల్లో పాకిపోయింది. "అక్కడ మన అంకుల్ ఉన్నాడు, పూజ కూడా ఆయనే చేయిస్తాడు." ఆదివారాల్లో షోరూం తెలుగువాళ్ల పెళ్లి విడిదిలా ఉండేది. టాన్ కూడా నవ్వుతున్నాడని రోస్నా వచ్చి చెప్పింది.

అక్కడితో ఆగినా బాగుండేది. రెండో ఓడ వచ్చేసరికి నాకు కొమ్ములొచ్చాయి. బొటనవేలంత రేకేమిటి, పిసినారితనం కాకపోతే? ప్లాస్టిక్ పలకను స్వయంగా కొలిచి, అచ్చం దాని సైజుకే, మూలలు కూడా గుండ్రంగా తిప్పించి రేకులు కోయించాను. నల్ల రంగు వేసి అతికిస్తే ఫ్యాక్టరీలో పుట్టినట్టే ఉంది. స్పానర్ పట్టిన చేయి కదా, పని మహా నైపుణ్యంగా వచ్చింది. ఆ పలక అక్కడెందుకుందో మాత్రం ఎవర్నీ అడగలేదు. ముప్పై ఏళ్లు కార్లు చూసినవాణ్ని, నేను అడగడమేంటి?

ఆ పెద్ద రేకు మొదట పెట్టించుకున్న వాళ్లలో శ్రావణి ఒకరు. కరీంనగర్ అమ్మాయి, పేమెంట్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని, క్లెమెంటిలో ఇల్లు. నాలుగేళ్ల కూతురు ఆద్య బండి చుట్టూ తిరిగి, "అమ్మా, దిస్ కార్ లుక్ సో యాంగ్రీ లా!" అంది. అందరం నవ్వాం. ముందు అడ్డొచ్చిన దాన్ని బండే గమనించి బ్రేకు వేసుకుంటుందని శ్రావణికి గొప్పగా చెప్పాను. "మీ కాలు మర్చిపోయినా బండి మర్చిపోదమ్మా" అన్నాను. ఆ మాట డెలివరీకి డెలివరీకి అనేవాణ్ని. బాగా పేలేది.

రెండో ఓడ

వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ముందు సెన్సర్ పనిచేయడం లేదని డ్యాష్‌బోర్డులో పసుపు హెచ్చరిక. ఒక బండి, రెండు, ఐదు. అన్నీ రెండో ఓడలో వచ్చినవే. రోస్నా ఒక బండికి సెన్సర్ మార్చింది. అదే హెచ్చరిక. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించింది. అదే. టాన్ డెలివరీలు ఆపేశాడు. శుక్రవారం ఫ్యాక్టరీ వాళ్లు వస్తున్నారు. ఆర్నెల్లు ఆ వారంతోనే పూర్తవుతాయి.

బుధవారం మధ్యాహ్నం రోస్నా వర్క్‌షాపుకు రమ్మంది. బల్ల మీద రెండు నల్ల పలకలున్నాయి, ఒకటి మొదటి ఓడ బండిది, ఒకటి రెండో ఓడది. "సెన్సర్ దీని వెనకే ఉంటుంది అంకుల్. ఈ ప్లాస్టిక్ గుండానే రోడ్డును చూస్తుంది. ఇది మార్చాను, హెచ్చరిక పోయింది. సీ, దిస్ వన్ తిక్కర్. ఫ్యాక్టరీ వాళ్లు డిజైన్ మార్చి మనకు చెప్పలేదు. శుక్రవారం వాళ్ల మొహం మీదే అడుగుతా!"

మందంగా ఉన్న పలకను చేతిలోకి తీసుకున్నాను. ఫ్యాక్టరీ మార్చింది కాదు. నా రేకు. దాన్ని పలక సైజుకు పెంచిన సంగతి రోస్నాకు తెలీదు. ఒక అంచున రంగు ఆరకముందు పడిన నా వేలిముద్ర. బండి కంటికి నేనే రాగి గంతలు కట్టాను.

అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే రోత. ఆ నిమిషంలో నా కళ్ల ముందున్నది కొత్త షోరూం. శుక్రవారం గడవనీ, శనివారం అందర్నీ ఒక్కొక్కరిగా పిలిచి, బండి కడిగిస్తానని చెప్పి రేకులు ఊడదీసేద్దాం, నిందేదో ఫ్యాక్టరీ మీదే ఉండనీ అనుకున్నాను. "అవును, మందంగానే ఉంది" అని రోస్నాకు చెప్పి బయటికొచ్చాను.

పది నిమిషాలు కాలేదు, శ్రావణి ఫోన్. "అంకుల్, బండి ముంగట సెన్సర్ పనిజేస్తలేదని పొద్దుగాల్నుంచి చూపిస్తున్నది. అప్‌డేట్ వస్తే పోతదేమో అనుకున్న. నడపొచ్చా మరి?"

"నడపొచ్చమ్మా, ఏటీ భయం లేదు. శనివారం తీసుకురండి, చూసేద్దాం" అన్నాను.

సాయంత్రం ఆరున్నరకు మళ్లీ ఆమె నుంచే ఫోన్. పాపను డేకేర్ నుంచి తీసుకుని ఎక్స్‌ప్రెస్‌వే మీద వస్తుంటే ముందు లారీ ఒక్కసారిగా నెమ్మదించింది. "మీరే జెప్పిన్రు గదా అంకుల్, నా కాలు మర్చిపోయినా బండి ఆగుతదని. ఆగలే. ఆఖరికి నేనే తొక్కిన. జానెడు దూరంల ఆగింది. పాప ఎనక సీట్ల ఉండె అంకుల్, ఇంకా ఏడుస్తనే ఉన్నది."

బండి ఇంటి దగ్గర పెట్టి ఇక కదపొద్దని చెప్పాను. పెట్టెలో మిగిలిన రేకొకటి తీశాను. టాన్ గదిలోకి వెళ్లి, రేకు బల్ల మీద పెట్టి, మొత్తం చెప్పేశాను. మధ్యాహ్నమే తెలుసన్నది కూడా.

టాన్ రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు. "రాజు, యు సెల్ కార్ ఆర్ ఓపెన్ టెంపుల్?" అన్నాడు. నవ్వలేదు. "ఎన్ని బళ్లు?"

"పదకొండు."

"ఇక్కడే కూర్చో. నా ముందే అందరికీ ఫోన్ చెయ్యి. స్పీకర్ ఆన్ చెయ్యి."

పదకొండు సార్లు నా నోటితో నా తప్పు చెప్పాను. కొందరు తిట్టారు, ఒకాయన నవ్వాడు, ఒకావిడ రేకు తీస్తే అరిష్టమేమోనని భయపడింది. బండి గుడ్డిగా తిరగడం కంటే అరిష్టం లేదమ్మా అని నచ్చజెప్పాను. టాన్ చివరి దాకా కదల్లేదు, అతని కాఫీలో ఐసంతా కరిగిపోయింది.

శుక్రవారం

గురు, శుక్రవారాల్లో రోస్నా, నేనూ ఒక్కో కార్ పార్కుకూ తిరిగి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి రేకులన్నీ ఊడదీశాం. ఆమె మొదటి రోజు నాతో మాట్లాడలేదు. బండి మీద అబద్ధపు నింద పడనిచ్చానన్నది ఆమె కోపం, న్యాయమైన కోపం.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినావిడ వెండి జుట్టు ఇంజనీరు. ఆమెకూ నేనే చెప్పాను. ఆవిడ రేకును వెలుతురుకు పట్టి యంత్రం గీతలు చూసింది. "మంచు, బురద, స్టిక్కర్లు అంటకూడదని మా పుస్తకంలో రాశాం. ఇది మాకు తట్టలేదు" అంది. తర్వాత ఒక రేకు అడిగి తీసుకుని బ్యాగులో వేసుకుంది. రెండో ఓడ బళ్లలో ఏ లోపమూ లేదని తేలింది. షోరూంకు సరే అంది!

షోరూం వచ్చింది. నాకు కాదు, రోస్నాకు. టాన్ నన్ను పిలిచి మొహం మీదే చెప్పాడు: "షీ ఫైండ్ ద ప్రాబ్లమ్. యు మేక్ ద ప్రాబ్లమ్. సింపుల్." రెండ్రోజులు నాకు అన్నం సహించలేదు. మూడో రోజు ఆలోచిస్తే, టాన్ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని. పిల్లలూ, బాసు మీకు నచ్చని నిర్ణయం తీసుకున్నప్పుడు మూడు రోజులు ఆగండి. ఆ తర్వాత కూడా తప్పే అనిపిస్తే అప్పుడు పోట్లాడండి.

ప్రారంభం రోజు మాత్రం నాకు పట్టపగ్గాల్లేవు. నల్లటి గోడలు, పైనుంచి కిందికి జారే వెలుతురు, మధ్యలో ఆరు బళ్లు, ఒకదాని పోలిక ఒకదానికి లేదు! తల్లి కంపెనీ పేరు గోడ మీద ఎక్కడా లేదు. ఒకప్పుడు డిక్కీ మీద వేలెడంత బ్యాడ్జి కోసం వెతుక్కుంటూ వచ్చిన పిచ్చోడొకడు, ఇప్పుడు బట్టతల, తలుపు దగ్గరే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. రోస్నా మైకు పట్టుకుని తడబడితే అందరికంటే గట్టిగా ఈల వేసింది నేనే. రిటైరయ్యే దాకా ఆమె కిందే పనిచేశాను. నా ఉద్యోగంలో అవే మంచి సంవత్సరాలు.

క్లెమెంటి కార్ పార్కులో

ఒకటి దాటేశాను. చెప్పకుండా ముగిస్తే మళ్లీ అదే తప్పు.

గురువారం పొద్దున ఏడింటికి మేం మొదట వెళ్లింది శ్రావణి దగ్గరికే. కార్ పార్కు మూడో అంతస్తు. ఆమె ఆఫీసు బట్టల్లో ఉంది, ఆద్య చేయి పట్టుకుని. నేను నేల మీద కూర్చుని రేకు ఊడదీశాను. రోస్నా లాప్‌టాప్ పెట్టి సెన్సర్ చూసి, బండిని రెండు రౌండ్లు తిప్పి తెచ్చింది. అప్పుడు శ్రావణి అడిగింది.

"నిన్న మధ్యాహ్నం నేను ఫోన్ జేసినప్పుడు మీకు ఎరికేనా అంకుల్?"

రాత్రి ఫోన్‌లో పదకొండుమందికీ తప్పు నాదని చెప్పాను. ఈ ఒక్క సంగతి ఆమెకు చెప్పలేదు. రోస్నాకు తెలుగు రాదు, టాన్ అక్కడ లేడు. లేదమ్మా అంటే సరిపోయేది.

"తెలుసమ్మా. కొత్త షోరూం నాకు కావాలనిపించి చెప్పలేదు."

ఆమె తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. వెనక తలుపు తీసి ఆద్యను సీట్లో కూర్చోబెట్టింది, బెల్టు బిగించింది, రెండుసార్లు లాగి చూసింది. తలుపు వేసి నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పుండ్రి. నడపొచ్చా?"

నడపొచ్చమ్మా అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. ముప్పై రెండేళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాను. పక్కకు జరిగి, రోస్నా వైపు చేయి చూపించాను.

"నన్ను కాదమ్మా, ఆవిణ్ని అడగండి."